సీసాలమ్మ మాట

మా ఎదురు వాటా మనిషిని వీధంతా సీసాలమ్మ అనేవారు. పొద్దున్నే నీలం కోటు తొడుక్కుని, సైకిలు వెనక ఐసుపెట్టె కట్టుకుని, ఇంటింటికీ తిరిగి చిన్న ప్లాస్టిక్ సీసాలు ఇచ్చి వచ్చేది. గుప్పిట్లో ఇమిడిపోయే సీసా. లోపల పులియబెట్టిన పాలు. పైనున్న రేకు చించి గటగటా తాగేస్తే అయిపోతుంది. రుచి సంగతి అడిగితే నేను మంచిమాట చెప్పలేను. తీపి ముందొస్తుంది, పులుపు వెనకొస్తుంది, అంతే. అయినా సీసాలమ్మ అమ్మేది రుచిని కాదు. అందులో ప్రాణంతో ఉన్న మంచి క్రిములను.

నేను పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని కూర్చుని ముసలిదాన్ని అయినదాన్ని. ఎదుటివాళ్లు సగం చెప్పేసరికే సంగతి అర్థమైపోతుంది, మిగతా సగం వినాలంటే ఒళ్లు మండుతుంది. అలాంటి నన్ను కూడా ఆమె గుమ్మంలో నిలబెట్టి, మొత్తం వినేలా చేసింది.

"పిన్నిగారూ, కడుపును ఒక వీధి అనుకోండి. అందులో కోట్ల క్రిములు కాపురం ఉంటాయి. అన్నీ దొంగలే అనుకుంటాం గానీ, పెద్దమనుషులే ఎక్కువ. అన్నం అరిగించేది వాళ్లే, వీధిలోకి కొత్త దొంగ రాకుండా కాపలా కాసేదీ వాళ్లే. మనకు జ్వరమో చీముగడ్డో వస్తే డాక్టరు బిళ్లలిస్తాడు కదా, ఆ బిళ్లకు మొహాలు తెలీవు. దొంగనూ బాదుతుంది, పెద్దమనిషినీ బాదుతుంది. వీధి ఖాళీ అయిపోతుంది. ఖాళీ ఇంట్లో ఎవరు ముందు దూరితే వాళ్లదే ఇల్లు. అందుకని మనం ముందుగా మంచివాళ్లను దింపాలి. అదీ ఈ సీసా."

"ఇదంతా కంపెనీవాళ్లు నేర్పారా?" అన్నాను.

"వాళ్లు రెండు ముక్కలే చెప్పారండీ. వీధి కథ నాదే" అంది, మురిసిపోతూ.

నాకు మలబద్ధకం. ఈ వయసులో దాచుకునేదేముంది. ఆమె సీసాలు తాగడం మొదలుపెట్టాక కాస్త తేలికైన మాట నిజమే. సీసా వల్ల తేలికైందో, ఆమె పోరు పడలేక తాగిన మంచినీళ్ల వల్ల తేలికైందో నేను చెప్పలేను. ఆమె మాత్రం ఆ ఘనత మొత్తం సీసాకే కట్టబెట్టి, వీధి చివరిదాకా చాటింపు వేసింది. కూరగాయలు కొనుక్కోవడానికి వెళితే దుకాణం ఆమె "ఇప్పుడు మీకు సాఫీగా అవుతోందటగా" అని పదిమందిలో పరామర్శించింది. ఆ పూట సీసాలమ్మకు గట్టిగా తలంటాను. నవ్వి ఊరుకుంది.

నిజానికి ఆమె అలా గలగలా మాట్లాడుతుంటే నాకు లోలోపల ఆశ్చర్యంగానే ఉండేది. ఎందుకంటే అంతకు ముందు ఆమె నోట్లో నాలుక లేని మనిషి. తల్లి చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. ఈమె బడిలో లేచి నిలబడితే మాట పెగిలేది కాదట. పెళ్లయ్యాక మొగుడికి ఆమె మౌనం మీద కోపం, మాట్లాడితే ఇంకా కోపం. కొన్నాళ్లకు అతను తన దారి తాను చూసుకున్నాడు. ఈమె పెట్టె పట్టుకుని అక్క దగ్గరికే వచ్చేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక క్యాంటీను వెనకగదిలో గిన్నెలు కడిగింది. ఆ నీళ్ల చప్పుడులో ఎవరూ ఆమెను ఏమీ అడగరు, ఆమె ఏమీ చెప్పక్కర్లేదు. మా ఎదురు వాటాలో అన్నేళ్లు ఉన్నా, ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగా తెలియదంటే నమ్మండి.

అక్క వేరే రకం. లాండ్రీలో పని. హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే దుప్పట్లు విప్పి, మరకలను బట్టి వేరు చేసి, మరిగే నీళ్లలోకి పంపే చోట ఆమె ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నాకు పిల్ల ఉందిగా, ఇంకెందుకు" అనేది చెల్లెలిని చూపించి. చెల్లెలికి జుట్టు నెరిసినా ఆమె కంటికి ఇంకా పిల్లే. ఇంటికొచ్చినవాళ్లు చెల్లెలిని ఏదైనా అడిగితే జవాబు అక్కే చెప్పేసేది. అలవాటు.

సీసాల కంపెనీ వాళ్లు ఆడవాళ్లు కావాలని బోర్డు పెట్టినప్పుడు చెల్లెలిని తోసి మరీ పంపింది అక్కే. మొదటి వారం ఆమె గుమ్మాల ముందు నిలబడి సీసా చేతిలో పెట్టి పారిపోయి వచ్చేది. తర్వాత ఎవరో ముసలాయన "ఇందులో ఏముందమ్మా?" అని అడిగి, ఆమె చెప్పేదాకా తలుపు వేయకుండా నిలబడ్డాడట. అంతే, గొంతులో ఉన్న అడ్డమేదో తొలగిపోయినట్టయింది. జీవితంలో మొదటిసారి ఎదుటివాళ్లు తల ఊపుతూ తన మాట వింటున్నారు. ఆ రుచి ఆమెకు దొరికింది. ఇంక ఆగుతుందా!

కంపెనీ ఒక్క విషయం గట్టిగా చెప్పింది. అరుగుదలకు మంచిది అనొచ్చు, కడుపు ఆరోగ్యానికి మంచిది అనొచ్చు, జబ్బు నయమవుతుందని మాత్రం అనకూడదు. మొదట్లో ఆమె ఆ గీత దాటేది కాదు.

ఆ గీత చెరిగిపోయింది అక్క వల్లే. ఒకసారి అక్కకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పెద్ద జ్వరం వచ్చింది. డాక్టరు గట్టి బిళ్లలిచ్చాడు. జ్వరం తగ్గింది గానీ విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి పీక్కుపోయింది. మళ్లీ వెళితే ఆ డాక్టరే, బిళ్లల వల్ల కడుపులో మంచి క్రిములు కూడా పోయాయి, పులియబెట్టిన పాలలాంటివి ఏవైనా తాగితే త్వరగా కుదుటపడొచ్చు అన్నాడు. సీసాలమ్మ మొహం చూడాలి అప్పుడు! తను చెప్పే వీధి కథను తెల్లకోటు వేసుకున్న మనిషి తన నోటితో చెప్పాడు. అక్కకు పూటపూటా సీసా పట్టింది. విరేచనాలు కట్టాయి. అక్క మళ్లీ లాండ్రీకి వెళ్లింది.

ఆ రోజు నుంచి ప్రతి గుమ్మంలోనూ "మా అక్కనే చూడండి" అని మొదలు. నొప్పులన్నవాళ్లకు సీసా, నిద్ర పట్టదన్నవాళ్లకు సీసా, ఒంటిమీద దద్దులన్నవాళ్లకు సీసా. ఎక్కడో ఎవరో పరిశోధన చేశారట, మనసు బాగుండడానికి కూడా ఈ క్రిములే కారణమట, అనేది. అందులో కొంత నిజమూ ఉండొచ్చు. ఎక్కడ ఆగాలో ఆమెకు తెలియకపోవడమే చిక్కు. నేను ఒకసారి "నువ్వు ఇలాగే పోతే చచ్చినవాళ్లకు కూడా సీసా పట్టేలా ఉన్నావే" అని వెక్కిరించాను. అక్క పక్కనే ఉంది. నేనన్నది పట్టించుకోకుండా, మాట్లాడుతున్న చెల్లెలి వంకే చూస్తోంది. ఆ చూపులో ఉన్న సంతోషం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

తర్వాత జరిగింది వంటగదిలో, వాళ్లిద్దరి మధ్య. నాకు ఆలస్యంగా తెలిసింది, తెలిసిన క్రమంలో కాక జరిగిన క్రమంలోనే చెబుతాను. ఒక ఆదివారం అక్క గిన్నె తుడుస్తూ మామూలుగా అంది.

"ఒసేయ్, ఈ మధ్య కడుపు సరిగా ఉండట్లేదే. ఒకరోజు కట్టేస్తుంది, ఒకరోజు పలచగా పోతుంది. నిన్న రక్తం కూడా పడింది."

చెల్లెలు కంగారు పడలేదు. పడాల్సింది. కానీ ఆమెకు శిక్షణలో ఒక మాట చెప్పారు. మొదట్లో కొన్నాళ్లు ఉబ్బరం, గుడగుడ ఉంటాయి, కొత్త క్రిములు సర్దుకునేదాకా అంతే, భయపడి మానేయొద్దని చెప్పండి అని. ఉబ్బరం గురించి చెప్పిన ఆ మాటను ఆమె రక్తం దాకా లాక్కొచ్చింది.

"లోపల మంచివీ చెడ్డవీ కొట్టుకుంటున్నాయక్కా. కొట్లాట జరిగితే వీధిలో రక్తం పడదా? పోయినసారి కూడా తగ్గే ముందు ఎక్కువైంది కదా. ఈసారి ఇంకో సీసా ఎక్కువ తాగు. పైగా రోజంతా నిలబడి చేసే పని నీది, మొలలు కూడా అయ్యుండొచ్చు. అవీ సర్దుకుంటాయి."

"అంతేనంటావా?"

"నేను చెబుతున్నాగా!"

"సరే అయితే" అంది అక్క. రేకు చించి తాగేసింది.

అలా నెలలు గడిచాయి. అక్క మొహం పాలిపోయింది, మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగేది. నేను అడిగితే "వయసు పిన్నిగారూ" అనేది. చెల్లెలు గుమ్మం గుమ్మానికీ అక్క ఆరోగ్యం గురించి చెబుతూనే ఉంది. చివరికి ఒకరోజు లాండ్రీలో అక్క తడిదుప్పట్ల కుప్ప మీదే కూలిపోయింది.

ఆసుపత్రికి నన్ను కూడా తోడు రమ్మన్నారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టింది. పెద్దపేగులో గడ్డ, అది కాలేయానికి కూడా పాకింది. ఆపరేషను చేసి తీసేసే దశ దాటిపోయింది, మందులు ఎక్కించి చూద్దాం అంది. గొంతులో విసుగు లేదు, ఆశ కూడా లేదు.

"రక్తం ఎప్పటి నుంచి పడుతోంది?"

అక్క చెప్పింది.

"అన్నాళ్లుగా పడుతుంటే ఇంట్లో ఎవరికీ చెప్పలేదా? అప్పుడే వచ్చి ఉంటే..." అని డాక్టరమ్మ ఆగిపోయింది.

చెల్లెలు కుర్చీలోంచి లేవబోయింది. అక్క ఆమె చేతి మీద చెయ్యేసి నొక్కి కూర్చోబెట్టి, "సిగ్గేసి ఎవరికీ చెప్పలేదమ్మా. మా చెల్లికి తెలీదు" అంది. అలవాటు ప్రకారం జవాబు అక్కే చెప్పేసింది.

బయటి వరండాలో సీసాలమ్మ నన్ను పక్కకు లాగి, వంటగదిలో జరిగింది మొత్తం చెప్పింది. గోడకు ఆనుకుని నిలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది.  ఓదార్చే మాటలు నాకు చేతకావు. "నువ్వు డాక్టరువా ఏంటే, నీకేం తెలుసు" అని మాత్రం అన్నాను. అది ఓదార్పో తిట్టో నాకే తెలియదు.

మరుసటి రోజు ఆమె సైకిలు తీసింది గానీ మనిషి మారిపోయింది. వీధి కథ లేదు. గడియారాలు బాగుచేసే ఆయన భోజనం తర్వాత కాస్త ఉబ్బరంగా ఉందంటే, "వెంటనే వెళ్లి పెద్దాసుపత్రిలో చూపించుకోండి" అని చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయన భార్య హడలిపోయి సీసాలు మాన్పించింది. బడిపిల్ల కడుపునొప్పి అంటే ఆ పిల్ల తల్లిని కూర్చోబెట్టి రక్తం పడుతోందా అని అడిగింది. ఆ ఇల్లూ పోయింది. "ఈమె సీసాలు అమ్ముతోందా, చావుకబుర్లు మోస్తోందా" అని జనం విసుక్కున్నారు. చివరికి కంపెనీ సూపర్‌వైజరు స్వయంగా వచ్చాడు.

"అమ్మా, మిమ్మల్ని పెట్టుకున్నది సీసాలు వేయడానికా, జనాన్ని ఆసుపత్రులకు తోలడానికా?"

"మీ సీసాలో మంచి లేదని నేననడం లేదు సారూ. అది చేయలేనిది కూడా చెప్పాలి కదా."

"చెప్పొద్దన్నది మేమే కదమ్మా, జబ్బుల మాట ఎత్తొద్దని! అప్పుడు వినలేదు, ఇప్పుడూ వినట్లేదు."

 నాకు అతని మీద ఒళ్లు మండింది గానీ అతను అన్నదాంట్లో తప్పు వెతకడం నా వల్ల కాలేదు. ఆమె నీలం కోటు మడిచి ఇచ్చేసింది.

అక్కకు మందులు ఎక్కిస్తున్నారు. జుట్టు రాలింది, నోరు పూసింది, మంచినీళ్లు కూడా సయించేవి కావు. కడుపులో మంట అని ఒకసారి సీసా అడిగితే డాక్టరమ్మ వద్దంది. ఇప్పుడు ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి లేదు, మామూలు మనిషికి మేలు చేసే క్రిములే ఈమె రక్తంలోకి దిగితే ప్రాణం మీదికి రావచ్చు అంది. చెల్లెలు ఆ మాట విని నా మొహంలోకి చూసింది. వీధికి కాపలా కాస్తాయని ఇన్నేళ్లు చెప్పుకున్న పెద్దమనుషులను కూడా ఇక నమ్మడానికి లేదు. ఆమెకు చెప్పడానికి ఆ కథ కూడా మిగల్లేదు.

మందులు పనిచేయలేదు. ఇంటికి తీసుకెళ్లండి, ఆమె ఏదడిగితే అది పెట్టండి అన్నారు. ఆ మాటకు అర్థం ఎవరికి తెలియదు?

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం నేను జావ పట్టుకుని వెళ్లాను. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. చెల్లెలు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నేను గిన్నె బల్లమీద పెట్టి వచ్చేద్దామనుకునేలోగా ఆమె బద్దలైపోయింది.

"అక్కా, నేనే చంపుకున్నాను నిన్ను. నువ్వు రక్తం అని చెప్పిన రోజే నేను నిన్ను తీసుకెళ్లి ఉంటే... డాక్టరమ్మ దగ్గర ఎందుకు అబద్ధం చెప్పావు? తిట్టు నన్ను. ఒక్కసారి తిట్టు."

 అక్క మెల్లగా ఇటు తిరిగింది.

"నాకు తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"ఆసుపత్రి దుప్పట్లు ఎన్నేళ్లు ఉతికాను నేను? ఏ రక్తం ఎలాంటిదో నాకు తెలీదా? నువ్వు కొట్లాట అన్నావు చూడు, అప్పుడే తెలుసు కాదని."

"మరి సరే అన్నావేం? తాగావేం?"

"భయం కూడా వేసిందిలే, అబద్ధమెందుకు. కానీ ఆ రోజు నువ్వు 'నేను చెబుతున్నాగా' అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నీ నోట ఆ మాట వినలేదు నేను. కాదంటే మళ్లీ నోరు మూసుకుని మూలన కూర్చుంటావేమో అనిపించింది. కాసేపు చూద్దాంలే, తగ్గితే తగ్గుతుంది అనుకున్నాను. రోజూ పొద్దున్నే నువ్వు వీధిలో మాట్లాడుతూ వెళ్తుంటే కిటికీలోంచి వినబడేది. ఎంత బాగుండేదో!"

చెప్పి అలసిపోయి కళ్లు మూసుకుంది.  నేను గిన్నె అక్కడే వదిలేసి నా వాటాలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఏడ్చాను. అక్క తిట్టి ఉంటే చెల్లెలు బతికిపోయేది. శాపం పెట్టినా బతికిపోయేది. ఇంత ప్రేమను ఏ మనిషి మోస్తుంది?

ఆ వారంలోనే అక్క పోయింది. లాండ్రీ ఆడవాళ్లు వచ్చి గదిలో వరసగా కూర్చున్నారు. ఏమైంది, ఎలా మొదలైంది, ముందే తెలియలేదా అని మామూలుగా అడిగేవే అడిగారు. సీసాలమ్మ వాళ్లను చూస్తూ కూర్చుంది.  జవాబులన్నీ నేనే చెప్పాను.

ఇప్పుడామె మళ్లీ క్యాంటీనులో గిన్నెలు కడుగుతోంది. మెట్ల మీద ఎదురైతే తల ఊపి తప్పుకుంటుంది. నేను కావాలని గిల్లికజ్జాలు పెట్టుకుంటాను, నీళ్లు పారబోశావనీ, తలుపు గట్టిగా వేశావనీ. తిరిగి ఒక్క మాట అనదు. సీసాలమ్మ అని కూడా ఎవరూ పిలవడం లేదు. ఆ అక్క తన ప్రాణాన్ని పణంగా పెట్టి నిలబెట్టాలనుకున్నది ఈ నోటినే. అదీ మిగల్లేదు.

మొన్న ఆమె క్యాంటీనుకు వెళ్లలేదని తెలిసి తలుపు కొట్టాను. ఒళ్లు కాలిపోతోంది, కడుపు పట్టుకుని ముడుచుకుపోయి ఉంది. బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన మంచివాడే, నెమ్మదిగా అడిగాడు.

"ఎక్కడమ్మా నొప్పి? ఎప్పటి నుంచి?"

ఆమె నా వైపు చూసింది. అక్క వైపు చూసినట్టు చూసింది, జవాబు నేను చెబుతానని.

"చెప్పవే" అన్నాను. "నీ నొప్పి నాకెలా తెలుస్తుందే, చెప్పు!"

డాక్టరు కలం పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఆమె తల దించుకుంది.